నరాల్లో కరెంటు – భీమవరం సుబ్బారావు

మాఘమాసం. విడపనకల్లు నల్లరేగడి మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గుంతకల్లు నుంచి బళ్ళారికి పోయే దారికి అటూ ఇటూ మిరప చేలు ఎర్రబారి కోతకొచ్చాయి. బాడిగ రకం. ఒళ్ళంతా ముడతలు, ముదురు రంగు. ఆ కాయకు కారం తక్కువంటారు గానీ, ఆ మాట పొద్దున్నుంచి కోస్తున్న చేతుల్ని అడిగి చెప్పాలి.

"సేతులు మండుతాండాయి వదినా."

"నీళ్ళతో కడిగితే పోదులే పాపా. ఇంటికి పోయి నూనె పూసుకో."

ఈ వదినా మరదళ్ళకు పేర్లు పెట్టను. ఈ మండలంలో కోతల కాలంలో ఏ చేలోకి దిగినా ఈ మాటలే వినిపిస్తాయి. వదిన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం కూడా. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మరదలు గట్టు మీదికి అడుగేస్తుంది. కంప ముల్లు కాల్లో దిగుతుంది. చూసేవాళ్ళకు ఒక్క క్షణంలో జరిగిపోయినట్టే ఉంటుంది కానీ, అందులో మూడు వేరువేరు ఘట్టాలున్నాయి. ముందు కాలు పైకి లేస్తుంది. ఆ తర్వాత చురుక్కున నొప్పి తెలుస్తుంది. ఇంకాసేపటికి, ఒక సెకను గడిచాక, సలుపుతో కూడిన మంట మెల్లగా పాకుతూ వస్తుంది. కాలెత్తమని ఉత్తర్వు ఇచ్చింది మెదడు కాదు, వెన్నుపాము. మెదడుకు కబురు చేరేసరికే కాలు గాల్లో ఉంది.

ముల్లు ఒకటే అయినప్పుడు నొప్పి రెండుసార్లు ఎందుకు వస్తుంది? కబురు రెండు రకాల పోగుల మీద నడుస్తుంది కాబట్టి. చురుక్కుమనే నొప్పిని మోసే పోగుకు మైలిన్ అనే కొవ్వు తొడుగు పలచగా ఉంటుంది. దాని మీద కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల దాకా పోతుంది. మంటనూ సలుపునూ మోసే పోగు సన్ననిది, తొడుగు లేనిది. దాని వేగం సెకనుకు మీటరు అటూ ఇటూగా, మనిషి నడకను మించదు. మిరప మంట కూడా ఎక్కువగా ఈ నెమ్మది పోగుల మీదే వస్తుంది. నిప్పు లేదు, చర్మం కాలలేదు, అయినా "మండుతోంది" అంటాం. ఆ మాట వర్ణన కోసం అన్నది కాదు. వేడిని పసిగట్టడానికి నరం చివర ఉండే ద్వారాన్నే క్యాప్సైసిన్ వెళ్ళి తెరుస్తుంది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం ఆ ద్వారాన్ని పట్టుకుంది. టీఆర్‌పీవీ1 అని దాని పేరు. ఆ పనికి జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాబట్టి మిరప చేలో కూలికి పోయిన ఆడమనిషి చేతి మంట ఆమె ఊహ కాదు, నిజంగా ఒంట్లో పుట్టిన కరెంటు.

ఆ కరెంటుకయ్యే ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించీ, దానికి జవాబులో సగం కనిపెట్టిన తెలుగువాడి గురించీ.

* * *

ఒంట్లో విద్యుత్తు ఉందన్న కబురు లోకానికి 1791లో తెలిసింది. ఇటలీలోని బొలోన్యాలో లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు ఎగిరిపడటం చూసి ఆ ఏడాది పుస్తకం అచ్చువేశాడు. నరాల్లో కబురు వేగం మనిషి కొలవగలిగేది కాదని చాలాకాలం అనుకున్నారు. జర్మనీలో పేరుమోసిన ఆచార్యుడు యోహానెస్ ముల్లర్ అభిప్రాయమూ అదే. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850 నాటికి కప్ప నరం మీద దాన్ని కొలిచేశాడు. తేలిన లెక్క సెకనుకు 25 నుంచి 40 మీటర్లలోపే. రాగి తీగలో పోయే విద్యుత్తు వేగంతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. అంటే నరంలో జరుగుతున్నది తీగలో జరిగేలాంటిది కాదు.

మరి ఏమిటి జరుగుతోంది? దాన్ని కళ్ళారా చూడటానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. 1939 ఆగస్టులో ఇంగ్లండు తీరాన ప్లిమత్‌లోని సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే ఇద్దరు యువకులు స్క్విడ్ అనే సముద్రజీవిని కోసి దాని నరపు పోగును బయటికి తీశారు. మన ఒంట్లో పోగులు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉంటాయి. స్క్విడ్‌లో కొన్ని పోగులు అర మిల్లీమీటరు లావుంటాయి. దాని లోపలికే సన్నని ఎలక్ట్రోడును పొడవునా దించి విద్యుత్తును కొలిచారు. ఊరకున్న నరంలో లోపలి వైపు, బయటితో పోలిస్తే రుణావేశంలో ఉంది. కబురు దాటిన క్షణంలో ఆ తేడా సున్నాకు వస్తుందని అందరూ అనుకునేవారు. సున్నాను దాటి లోపలి వైపు ధనావేశంలోకి వెళ్ళిపోయింది. కొన్ని వారాలకే యుద్ధం వచ్చిపడింది. ఇద్దరూ యుద్ధపు పనుల్లోకి పోయారు. తిరిగొచ్చి మొదలుపెట్టిన పని 1952లో వరసగా ఐదు పరిశోధన పత్రాలుగా వెలువడింది. కేంబ్రిడ్జి కంప్యూటరు అప్పుడు అందుబాటులో లేక, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు వారాల తరబడి కూర్చుని ఆ సమీకరణాలు తేల్చాడు.

వాళ్ళు చెప్పినదాన్ని విడపనకల్లు రైతుకు చెప్పాలంటే నాకొక్కటే దారి కనిపిస్తోంది. బోరు మోటారు రాత్రంతా ఆడి గట్టు మీది తొట్టిని నింపుతుంది. పొద్దున్నే రైతు తొట్టి తూము లాగుతాడు. నీళ్ళు వాటంతటవే కాలవలోకి దూకుతాయి. దూకడానికి కరెంటు అక్కర్లేదు. తొట్టిని మళ్ళీ నింపడానికి కావాలి. నరంలో జరిగేది అచ్చం ఇదే. నరకణం గోడకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఆ తేడా వల్ల గోడకు అటూ ఇటూ సుమారు 70 మిల్లీవోల్టుల ఒత్తిడి నిలిచి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, కారం తగిలినా సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది. వెయ్యోవంతు సెకనులో ఆ ద్వారాలు మూసుకుని, పొటాషియం బయటికి పోయి, ఒత్తిడి మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ కుదుపు పక్కనున్న ద్వారాల్ని లేపుతుంది, అవి వాటి పక్కవాటిని లేపుతాయి. కాలి నుంచి వెన్నుపాముకు చేరే కబురంటే ఇదే. పంటి డాక్టరు చిగురుకు వేసే మత్తుసూది ఈ సోడియం ద్వారాల్నే కాసేపు బిగించేస్తుంది. పన్ను పీకుతున్నా నొప్పి కబురు దవడ దాటదు.

తూము లాగినప్పుడల్లా తొట్టి కొంత తగ్గుతుంది. లోపలికి వచ్చిన సోడియంను బయటికి తోడాలి, బయటికి పోయిన పొటాషియంను లోపలికి తేవాలి. ఆ మోటారు దేనితో ఆడుతోంది?

నరం పనిచేస్తే ఖర్చవుతుందన్న అనుమానం అంతకుముందే ఉంది. 1926లో ఇంగ్లండులో ఎ.వి. హిల్, ఆయన సహచరులు కబురు దాటిన నరం కాస్త వేడెక్కుతుందని కొలిచి చూపారు. వేడి పుట్టిందంటే ఏదో ఖర్చయింది. అదేమిటో చెప్పగలిగిన రసాయనం మాత్రం అప్పటికింకా బయటపడలేదు.

* * *

సరిగ్గా ఆ ఏళ్ళలో అట్లాంటిక్‌కు అవతల, బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గాజు గొట్టాల ముందు నిలబడి ఉన్నాడు.

1895లో భీమవరంలో పుట్టాడు. చదువు సజావుగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. ఆపరేషన్ గదిలోకీ ఖద్దరు దుస్తులతోనే వెళ్ళడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. ఎంబీబీఎస్ రావాల్సినవాడికి అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ దక్కింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బు ఆయన్నూ పట్టింది, ఎలాగో బతికి బయటపడ్డాడు. మామగారు ఇచ్చినదీ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయమూ పట్టుకుని ఓడెక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. పెళ్ళై మూడేళ్ళు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మళ్ళీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు.

హార్వర్డ్ చేర్చుకుంది గానీ ఉపకారవేతనం ఇవ్వలేదు. డాక్టరు చదువు చదివిన మనిషి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరాడు. రోగుల మలమూత్రాల పళ్ళేలు ఎత్తి కడిగాడు. పగలు తరగతులు. ఆ తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పని దొరికింది.

మొదట అప్పగించింది చిన్నపనే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలికైన పద్ధతి కావాలి. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, దానికి తగిన మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువున్నట్టు. 1925లో ఆ పద్ధతి అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ జీవరసాయనం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తగులుతుంది.

అసలు కథ ఆ రంగు మొరాయించినప్పుడు మొదలైంది. కండరం నుంచి తీసిన రసంలో మందు కలిపారు. రక్తంతో చేసినప్పుడు కొద్ది నిమిషాల్లో నిలకడకు వచ్చే నీలం ఇక్కడ నిలవలేదు. పలచగా మొదలై మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. పద్ధతిలో లోపమని వదిలేసేవాళ్ళు వదిలేస్తారు. ఫిస్కే, సుబ్బారావు వదల్లేదు. రంగు ఆలస్యంగా వస్తోందంటే ఫాస్ఫేట్ ఆలస్యంగా బయటపడుతోందన్నమాట. అంటే దేనికో అతుక్కుని ఉంది, ఆ అతుకు బలహీనమైనది, ఆమ్లం తగలగానే ఒక్కొక్కటిగా విడిపోతోంది. ఆ అతుకు అవతల ఏముందో వెతికితే క్రియాటిన్ దొరికింది. 1927లో ‘సైన్స్’ పత్రికలో ఫాస్ఫోక్రియాటిన్ పేరు వెలువడింది. లండన్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే పదార్థం ఆనవాళ్ళు ఆ రోజుల్లోనే పట్టారు. అది ఏమిటో రసాయనంగా తేల్చింది మాత్రం బోస్టన్ జంట.

ఆ ప్రయోగాల్లో ఒకటి ఈ కథకు ప్రాణం. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ఆగకుండా ఉద్రేకపరిచారు. కండరం బిగుసుకుంటూ వదులవుతూ అలిసిపోయేకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయింది. విశ్రాంతి ఇస్తే మళ్ళీ పేరుకుంది. పని జరిగితే ఖర్చు, ఊరకుంటే జమ. ఒంటి శక్తికి చిట్టా ఎక్కడుందో మొదటిసారి కనిపించింది. కండరం పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మిన సిద్ధాంతానికి 1922 సంవత్సరపు నోబెల్ ఇచ్చేసి ఉన్నారు. అది కూలిపోవడానికి ఈ నీలిరంగు కూడా ఒక కారణం. ఆ నోబెల్ పంచుకున్న ఎ.వి. హిల్, తన రంగంలో విప్లవం వచ్చిందని 1932లో తానే రాశాడు. అది ఆయన గొప్పతనం.

1929లో రెండో దెబ్బ. అదే కండరంలో మూడు ఫాస్ఫేట్లు వరసగా అతుక్కున్న పదార్థం దొరికింది. ఏటీపీ. జర్మనీలో మేయర్‌హాఫ్ బృందంలోని కార్ల్ లోమాన్ కొన్ని వారాల ముందు ప్రకటించాడు. ఫిస్కే, సుబ్బారావు తమ దారిన తాము చేరి అక్టోబరులో ప్రకటించారు. కనుగొన్న ఘనత ఇరువైపులా ఇవ్వడమే న్యాయం. ఇవాళ చాలా పుస్తకాల్లో లోమాన్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. అది నాకు బాధగానే ఉంటుంది.

* * *

కండరంలో ఖర్చయ్యేది ఇదీ అని తెలిసింది. నరంలో కూడా ఇదేనా? ఈ ప్రశ్నకు జవాబు మళ్ళీ ప్లిమత్‌లో, మళ్ళీ స్క్విడ్ నరంలో దొరికింది.

1955లో హాడ్జ్‌కిన్, రిచర్డ్ కీన్స్ నరానికి విషం పెట్టారు. సయనైడ్, డైనైట్రోఫినాల్ లాంటివి. కణం శక్తిని తయారుచేసుకునే దారులు మూసుకుపోయాయి. రేడియోధార్మిక సోడియంను గుర్తుగా వాడి చూస్తే, బయటికి తోడే పని దాదాపు ఆగిపోయింది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. ఆ స్థితిలో కూడా నరం కబుర్లు మోస్తూనే ఉంది. నిల్వ ఉన్నంతసేపూ మోస్తుంది. నిల్వను తిరిగి నింపేవాడే లేడు.

1960లో ఇంకో అడుగు పడింది. కాల్డ్‌వెల్, హాడ్జ్‌కిన్, కీన్స్, షా అనే నలుగురు విషం తిన్న నరంలోకి సన్నని గొట్టంతో ఏటీపీని, ఆర్జినిన్ ఫాస్ఫేటును ఎక్కించారు. ఆర్జినిన్ ఫాస్ఫేట్ ఎవరనుకున్నారు? వెన్నెముక లేని జీవాల్లో ఫాస్ఫోక్రియాటిన్ చేసే పనినే చేసే దాని తోబుట్టువు. ఎక్కించగానే ఆగిన తోడకం మళ్ళీ మొదలైంది.

తోడే యంత్రాన్ని మాత్రం డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ అప్పటికే పట్టుకుని ఉన్నాడు. ఆర్‌హుస్ విశ్వవిద్యాలయంలో ఒడ్డు పీతల కాళ్ళ నరాలు నూరి చూస్తే, సోడియమూ పొటాషియమూ రెండూ ఉన్నప్పుడు ఏటీపీని జోరుగా విరిచే ఎంజైము అందులో కనిపించింది. 1957లో ప్రకటించాడు. ఆ ఎంజైమే మోటారు. ఒక్క ఏటీపీ విరిగితే మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. మిరప చేలో మండిన చేతి నుంచి బయల్దేరిన ప్రతి కబురు వెనకా ఈ మోటారు కోట్లసార్లు తిరుగుతుంది. మన బరువులో నూటికి రెండు వంతులున్న మెదడు, ఊరకే కూర్చున్నా ఒంటి శక్తిలో నూటికి ఇరవై వంతులు వాడుకుంటుంది. అందులో పెద్దభాగం ఈ తోడకానికే.

స్కౌకు 1997లో రసాయన నోబెల్ వచ్చింది. ఆ ఏడాది బహుమతిలో మిగతా సగం ఏటీపీ ఎలా తయారవుతుందో తేల్చిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు. మొత్తం బహుమతి ఏటీపీ చుట్టూనే తిరిగింది.

అప్పటికి సుబ్బారావు పోయి నలభై తొమ్మిదేళ్ళు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. తోటి విద్యార్థి జార్జ్ హిచింగ్స్ తర్వాత నోబెల్ అందుకున్నాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందనీ హిచింగ్స్ చెప్పాడు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థకు వెళ్ళాడు. అక్కడ ఎనిమిదేళ్ళలో ఆయన బృందాల చేతుల మీదుగా ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు డీఈసీ మందు, పిల్లల రక్తక్యాన్సర్ మీద డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చాయి. ఆ కథ విడిగా రాయాల్సినంత పెద్దది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకు, నిద్రలోనే పోయాడు. మనదేశం 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

* * *

ఇంత చెప్పాక విడపనకల్లు పాఠకులతో ఒక మాట మాట్లాడాలి. ప్లిమత్‌లో స్క్విడ్ నరానికి విషం పెట్టి ఆపిన ఆ మోటారు, మన ఇళ్ళలో విషం లేకుండానే ఆగుతుంటుంది. దాన్ని పక్షవాతం అంటాం.

మెదడులో ఒక రక్తనాళానికి గడ్డ అడ్డం పడితే ఆ భాగానికి గ్లూకోజూ ఆక్సిజనూ అందవు. ఏటీపీ నిల్వ నిమిషాల్లో అయిపోతుంది. తోడేవాడు లేక సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. గడ్డకు మరీ దగ్గరగా ఉన్న కణాలు త్వరగా చచ్చిపోతాయి. చుట్టూ ఉన్నవి మాత్రం అరకొర రక్తంతో కొన్ని గంటలు ప్రాణం బిగపట్టుకుని ఉంటాయి. కబుర్లు మోయలేవు గానీ ఇంకా బతికే ఉంటాయి. గడ్డను కరిగించే సూది కాపాడగలిగేది వాటినే. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు దాన్ని వెయ్యాలి. ఎంత ముందైతే అంత మేలు. స్కాన్ తీసి, తలలో రక్తస్రావం లేదని చూసుకున్నాకే వేస్తారు కాబట్టి ఆ సమయం కూడా ఇందులోంచే పోవాలి.

మనవైపు పక్షవాతం వచ్చినవాళ్ళను పసరు మందుకో నాటు వైద్యానికో తీసుకుపోవడం నేను చూస్తూనే ఉన్నాను. తీసుకుపోయేవాళ్ళది ప్రేమే, ఆత్రమే. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆ నాలుగున్నర గంటలు అక్కడే కరిగిపోతున్నాయి. మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి ఎత్తమంటే జారిపోతున్నా, మాట ముద్దముద్దగా వస్తున్నా 108కి ఫోన్ చేయండి. బళ్ళారో అనంతపురమో, స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏది దగ్గరైతే అక్కడికే నేరుగా పొండి. నోట్లో నీళ్ళు గానీ మాత్ర గానీ వెయ్యొద్దు, మింగే నరాలు కూడా పడిపోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎన్ని గంటలకు చూశారో గుర్తుపెట్టుకోండి, లేదంటే చేతి మీద పెన్నుతో రాసుకోండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.